పొడి పుల్లల మోపు

నాన్నను సమాధి చేసిన తరువాతి ఆదివారం విశాఖపట్నంలో మా అపార్టుమెంటు కింద షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టాం. పొద్దున్నే ఒక జీపు వచ్చి వీధిలో ఆగింది. జి.మాడుగుల పైన, నాన్న ఒకప్పుడు పాస్టరుగా ఉన్న కొండ ఊరివాళ్ళు. చీకటితోనే బయలుదేరినట్టున్నారు. వచ్చినవాళ్ళు శోకాలు పెట్టలేదు, మమ్మల్ని పలకరించనూ లేదు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు ముడి విప్పి, పిడికెడు గింజలు తీసి నాన్న ఫొటో ముందున్న పళ్ళెంలో పోశారు. పళ్ళెం నిండిపోతే మా అమ్మాయి పరుగున వెళ్ళి బేసిను తెచ్చింది. వంట కాంట్రాక్టరు వచ్చి ఆ బేసినులో చెయ్యి పెట్టి కెలికి, ఇది ఏ రకం బియ్యమో తనకు అంతుబట్టలేదనీ, ఇందులో అన్నీ ఉన్నాయనీ, ఇది చచ్చినా ఒక్కతీరున ఉడకదనీ చెప్పాడు. నాకు నవ్వొచ్చింది. తండ్రి పోయిన కూతురు నవ్వితే బాగుండదని కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆ ఉడకని అన్నం తినే నేను ఇంతదాన్నయ్యాను.

ఆ ఊళ్ళో సంఘంలో చేరిన ప్రతి ఇంట్లోనూ పొయ్యి పక్కన ఒక ఎండిన ఆనపబుర్ర వేలాడేది. ఆడమనిషి వంటకి గింజలు కొలుచుకున్నాక, కడగబోయే ముందు, అందులోంచి ఒక పిడికెడు వెనక్కి తీసి బుర్రలో వేసేది. పండగ అని ఎక్కువ వెయ్యడం, కరువు అని మానడం ఉండేది కాదు. ఇంటినిండా మనుషులున్నా అదే పిడికెడు, ఒంటి ముసలమ్మ తనకోసం కాచుకున్నా అదే పిడికెడు. ఆదివారం ఆ బుర్రలన్నీ గుడికి వచ్చి ఒకే గంపలో బోర్లేవి. ఆరాధన అయ్యాక ఆ గంప మా ఇంటికి చేరేది. పాస్టరు ఇంటికి అదే జీతం. కొండవాలులో పండిన ఎర్ర బియ్యం, రేషను డిపోలో ఇచ్చిన ముక్క బియ్యం, సామలు, కొర్రలు, ఏ ఇంట్లో ఏది ఉంటే అది అందులో ఉండేది. సామలు చితికి జావయ్యేసరికి ఎర్ర బియ్యం ఇంకా పంటి కింద రాళ్ళలాగే ఉండేవి. పెళ్ళయిన కొత్తలో అమ్మ చేట పట్టుకుని వాటిని వేరు చెయ్యబోతే నాన్న ఒప్పుకోలేదట. గింజల్ని వేరు చేస్తే ఇచ్చిన చేతుల్ని వేరు చేసినట్టే అన్నాడట. ఇక అప్పటినుంచీ మా ఇంట్లో సగం చితికి సగం ఉడకని అన్నమే. నాన్న కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, కరకర నమిలేవాడు.

నాన్నది చోడవరం దగ్గర పల్లె. కూలినాలి చేసుకునే ఇంట్లో పుట్టి, మిషను బడిలో చదువుకుని, సువార్త పని మీద అమ్మని వెంటబెట్టుకుని కొండెక్కాడు. ఆయన దృష్టిలో కృతజ్ఞత అంటే క్రిస్మస్‌కీ, కొత్త సంవత్సరానికీ పెట్టెలోంచి తీసి తొడుక్కునే చొక్కా కాదు. తెల్లవారి కాళ్ళు కింద పెట్టే ముందే మొదలయ్యేది. ఒకసారి చలిజ్వరంతో వణికిపోతూ స్తోత్రం, స్తోత్రం అంటుంటే, జ్వరం వచ్చినందుకా అని అమ్మ అడిగింది. కప్పుకోడానికి దుప్పటి ఉన్నందుకు అన్నాడు. ఇల్లు కారితే కింద పెట్టడానికి గిన్నె ఉన్నందుకు, గిన్నె నిండితే నీళ్ళకి బావి దాకా పోనక్కర్లేనందుకు. గోచీ పోయినా మొల ఉంది కదా అని సంతోషించే రకం మీ నాన్న అనేది అమ్మ, ఆయనకి వినబడేట్టే.

తీసుకోవడం ఎంతో ఇవ్వడమూ అంతే. ఇంటికి ఏది వచ్చినా దీపాలు పెట్టే వేళలోగా అందులో ఒక పాలు గడప దాటిపోవాలి. పనసకాయ వస్తే సగం, గుమ్మడికాయ వస్తే ఓ చెక్క, పెట్ట గుడ్లు పెడితే అందులో కొన్ని. మోసుకుపోయేది నేనే. అవతలివాళ్ళు కూడా నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళే కాబట్టి వాళ్ళూ ఒక పాలు తీసి ఇంకో ఇంటికి పంపేవారు. ఒకనాడు పొద్దున మేం పంచిన చేమదుంపలే ఊరంతా తిరిగి సాయంత్రానికి మళ్ళీ మా గుమ్మంలోకి వచ్చాయి. అమ్మ తల కొట్టుకుంది. నాన్న వాటికీ స్తోత్రం చెప్పాడు.

ఇప్పుడు చెబుతుంటే ముచ్చటగానే ఉంటుంది. ఆ ఇంట్లో పెరగడం మాత్రం ముచ్చట కాదు. మా ఇంట్లో ‘వద్దు’ అనే మాట లేదు. పట్నం సంఘంవాళ్ళు పంపిన పాత బట్టల మూటలో నా వంతుకి వచ్చిన స్వెట్టరు మెడ దగ్గర ఒరుసుకుపోయి ఎర్రగా కందేది. విప్పేస్తానంటే, చలికి వణికే పిల్లల పేర్లు నాన్న ఒక్కొక్కటే చెప్పేవాడు. కూర చేదుగా ఉందంటే, చేదు తెలిసే నాలుక ఇచ్చినందుకు దేవుణ్ణి స్తుతించమనేవాడు. కొట్టేవాడు కాదు, కసిరేవాడూ కాదు. కసిరితే కనీసం కోపం తెచ్చుకోడానికి వీలుండేది. మెత్తని పరుపులో కూరుకుపోయినట్టుండేది నాకు. ఎటు కాలు పెట్టినా మంచితనమే, నిలబడడానికి గట్టి నేల లేదు. పైగా ఆదివారం సాక్ష్యాల వేళ అందరితోపాటు నేనూ లేచి, ఆ వారం దేవుడు చేసిన మేలు ఒకటి చెప్పాలి. పాస్టరు కూతురు కాబట్టి చెప్పిందే చెప్పకూడదు. శనివారం సాయంత్రం గడపలో కూర్చుని మేళ్ళు వెతుక్కునేదాన్ని. దొరక్కపోతే కల్పించేదాన్ని. తప్పిపోని మేకపిల్ల దొరికినందుకు కూడా ఒకసారి స్తోత్రం చెప్పాను.

జి.మాడుగులలో సంఘస్తుల ఇంట్లో ఉండి పది చదివాను. పాసయ్యాను. పాడేరులో ఇంటర్లో చేర్పించి అక్కడే హాస్టల్లో పెడతానని నాన్న మాటిచ్చాడు. నాకు చదువు మీద ఎంత ఆశ ఉందో, హాస్టలు అన్నం మీద అంతకంటే ఎక్కువ ఉంది. ఒకే మూటలోంచి తీసిన ఒకే రకం బియ్యం, గింజ గింజా ఒకేలా ఉడికిన అన్నం. అక్కడ నేను పాస్టరు కూతుర్ని కాను, ఎవరి సొమ్ముకీ జవాబు చెప్పనక్కర్లేదు. రేకుపెట్టెలో రెండు జతల బట్టలు సర్దుకుని రోజూ ఒకసారి తెరిచి చూసుకునేదాన్ని. అంతలో వానలు పట్టుకున్నాయి.

ఆ కొండల్లో వానాకాలం అంటే ఊరికి తాళం వేసినట్టే. వాగు పొంగితే జీపు ఆగే చోటికి పోలేం. ఎదురుగా ఉన్న కొండ మబ్బులో మాయమైపోతుంది. ఇంట్లో బట్ట ఆరదు, ఉప్పు కరిగి కారుతుంది, తాటాకు గిడుగు నెత్తిన పెట్టుకోకుండా పెరట్లోకి కూడా పోలేం. అన్నిటికంటే పెద్ద బాధ పుల్లలు. ఆ ఏడు వేసవిలో అటక మీద దాచిన పుల్లలు సగం నాన్న ఎవరికో ఇచ్చేశాడు. అమ్మ పచ్చి పుల్లలు పెట్టి ఊదీ ఊదీ, కళ్ళు చింతనిప్పులై, దగ్గుతో రాత్రంతా లేచి కూర్చునేది. ఇల్లంతా పొగ. నా తలకీ, పుస్తకాలకీ, అన్నానికీ అదే వాసన. వాగు తీస్తే నన్ను దింపి వస్తానని నాన్న రోజూ అనేవాడు. వాగు రోజూ పొంగేది.

ఒకరోజు తెల్లవారి తలుపు తీస్తే వాకిట్లో చూరు కింద ఒక పుల్లల మోపు ఉంది. ఎండుపుల్లలు. విరిస్తే టపుక్కుమనేలాంటివి. చేతిమందం చొప్పున ఒకే పొడుగున నరికి, అడ్డతీగతో రెండుచోట్ల బిగించి కట్టి, తడవకుండా పైన ఆకులు కప్పి ఉన్నాయి. మా అమ్మ ముఖం అలా వెలగడం అంతకుముందు నేను చూసి ఎరగను. ఎవరిచ్చారో చూడలేదు. మా ఇంటి ముందు రోజూ ఎవరో ఏదో పెట్టిపోతూనే ఉంటారు, అడిగే అలవాటు మాకు లేదు. అమ్మ కట్టు కోసి, చంకనిండా పుల్లలు తెచ్చి పొయ్యిలో పెట్టింది. మంట ఒక్క ఊదుకి అందుకుంది. ఆరోజు మేం వేడివేడి చోడి అంబలి తాగాం, తలంట్లు పోసుకున్నాం, తడిబట్టలు ఆరబెట్టుకున్నాం. ఇంట్లోకి దేవదూత వచ్చి కూర్చున్నట్టుందని అమ్మ అంది.

ఆదివారం ఆరాధనలో నాన్న లేచి, ఈ వారం తమ వాకిట్లో పొడి పుల్లల మోపు పెట్టిన చేతుల కోసం దేవుడికి కృతజ్ఞత చెప్పాడు. తాము దాన్ని సంతోషంగా అందుకున్నామనీ, ఆ వేడితో తన ఇల్లు బతికిందనీ, మోపు ఇచ్చిన ఇంటిని దేవుడు దీవించాలనీ ప్రార్థించాడు. నాన్న ప్రార్థన ఎప్పుడూ పుస్తకాల భాషలో సాగేది, ‘అంగీకరించితిమి’ అన్నాడు. చాప మీద కూర్చున్న ఆడవాళ్ళలో గుసగుస బయలుదేరింది. నా పక్కనున్న ఆవిడ నా బుగ్గ గిల్లింది. ఆరాధన అవగానే సంఘపెద్ద యాకోబు లేచొచ్చి నాన్నని గట్టిగా కావలించుకుని, ఇక నుంచి అయ్యగారు మాకు ఇయ్యంకుడు అన్నాడు. నాన్న అది ఆత్మసంబంధమైన చుట్టరికం అనుకుని, ఆయన్ని తిరిగి కావలించుకున్నాడు.

ఆ మోపు సంగతి అప్పుడు తెలిసింది మాకు. ఆ ఊళ్ళో ఒక ఇంటి పిల్లని అడగాలంటే ముందు మాటలు ఉండవు. పిల్లవాడు స్వయంగా పుల్లలు కొట్టి మోపు కట్టి, ఆ ఇంటి వాకిట్లో పెట్టి వచ్చేస్తాడు. ఇష్టమైతే వాళ్ళు ఆ పుల్లలతో పొయ్యి వెలిగిస్తారు. వెలిగిస్తే ఒప్పుకున్నట్టు. ఇన్నేళ్ళు అక్కడ ఉండి, అన్ని పెళ్ళిళ్ళు చేసి, నాన్నకి ఇది ఎలా తెలియలేదంటే, ఆయన్ని పెళ్ళికే పిలిచేవారు గానీ పెళ్ళిమాటలకి పిలిచేవారు కాదు. ఆ మాటలు జీలుగు కల్లు కుండ దగ్గర జరిగేవి. కుండ ఉన్నచోటికి పాస్టరు వెళ్ళడు. మా వాకిట్లో మోపు పెట్టింది యాకోబు కొడుకు దావీదు. మేం దాన్ని కాల్చుకోవడమే కాకుండా, దేవుడి ఎదుట సంఘం మధ్యలో ఒప్పుకున్నాం కూడా. అంతకంటే గట్టి మాట ఆ కొండల్లో ఎవరూ ఎవరికీ ఇచ్చి ఉండరు.

ఇంటికొచ్చాక అమ్మ తలుపు వేసింది. తెలియక చేసిన పని కదా, వెళ్ళి చెప్పేద్దాం అంది. నాన్న చాలాసేపు కిటికీలోంచి వాన చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఇరుకున పడ్డ తీరు నాకు ఇప్పుడు తెలుస్తోంది. కొండవాళ్ళూ కిందివాళ్ళూ అని దేవుడి దగ్గర తేడా లేదని ఎన్నో ఏళ్ళుగా గొంతు చించుకుని చెప్పినవాడు ఆయన. నా బిడ్డ మీ బిడ్డే అని ఆ గుడిలోనే ఎన్నోసార్లు అన్నాడు. ఇప్పుడు కాదంటే, మా గింజలు తిన్నారు గానీ మా ఇంటికి పిల్లనివ్వడానికి మేం పనికిరామా అంటారు. అన్నిటికీ మించి, స్తోత్రం చెప్పిన నోటితో వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు.

“తెలీక చేసినా, దేవుని ముందు చేసిందే కదా” అన్నాడు.

ఆ తరవాత నా తల మీద చెయ్యి పెట్టి, ఇందులో కూడా దేవుడి మేలు ఏదో ఉంటుంది, వెతుక్కోమన్నాడు. నీకు ఇష్టమేనా అని మాత్రం అడగలేదు. మా ఇంట్లో ఎవరినీ ఎవరూ ఆ మాట అడగరు. ఆ చెయ్యి తోసెయ్యాలనిపించింది, తొయ్యలేదు.

ఆ వానాకాలం నా జీవితంలో అన్నిటికంటే పొడుగైనది. బయట వాగు, ఇంట్లో స్తోత్రం. యాకోబు భార్య సోములమ్మ గిడుగు వేసుకుని రెండు రోజులకోసారి వచ్చేది. వచ్చేటప్పుడు కాల్చిన మొక్కజొన్న కండెలు కొంగులో తెచ్చేది. నన్ను ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసి, చిక్కులు తీసి, బిగించి జడ వేసేది. మా అమ్మకి ఎప్పుడూ అంత తీరిక ఉండేది కాదు. ఆ చేతులు నిజంగా బాగుండేవి. కళ్ళు మూతపడేవి. మరుక్షణం ఎందుకు వేస్తోందో గుర్తొచ్చి మెడ బిగుసుకుపోయేది. ఊళ్ళో ఆడవాళ్ళు నన్ను కోడలు గుంట, అంటే కోడలుపిల్ల, అని పిలవడం మొదలుపెట్టారు. బావి దగ్గర నా బిందె నన్ను ముట్టనిచ్చేవారు కాదు, వాళ్ళే తోడి ఎత్తిపెట్టేవారు. అందరూ సంతోషంగా ఉన్నారు. నా మెడకి ఉచ్చు పడిందని చెప్పుకుందామంటే, ఆ ఉచ్చు వేసిన చెయ్యి ఎక్కడా కనపడదు.

దావీదు చెడ్డవాడైనా బాగుండేది. కాడు. నాకంటే కొంచెం పెద్ద, మాటలు తక్కువ, నన్ను చూస్తే పక్క దారిలో పోయేవాడు. ఒకసారి మా పెంకులు జారితే నిచ్చెన వేసుకుని ఎక్కి సర్దిపెట్టి, అమ్మ ఇచ్చిన అంబలి కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని పెరట్లో పసుపు కొమ్ములు ఉడకబెడుతూ, అతని పిల్లల్ని ఎత్తుకుని, ప్రతి పూటా పిడికెడు తీసి బుర్రలో వేస్తూ నా బతుకంతా కళ్ళ ముందు కనిపించేది. చెడ్డ బతుకేమీ కాదు. నాది కాదు, అంతే. ఆ అంతే అన్న మాట చెప్పడానికి నా దగ్గర భాష లేదు. రేకుపెట్టె తెరిచి చూసుకోవడం మానేశాను. బట్టలకి బూజు పట్టింది.

అమ్మ ఒక వింత పని చేసింది. సంగతి తెలిసేనాటికి ఆ మోపులో ఇంకా కొన్ని పుల్లలు మిగిలాయి. వాటిని తీసి అటక మీద ఒక మూలన పెట్టి గోనె కప్పింది. మళ్ళీ పచ్చి పుల్లలే పొయ్యిలో పెట్టి, మళ్ళీ ఊదుకుంటూ, మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. ఆ నాలుగు పుల్లలూ కాలకుండా ఉంటే మాట పూర్తి కానట్టే అని ఆమె లెక్క. నాన్నకి చెప్పలేదు. నాకూ చెప్పలేదు. నేను చూశానని ఆమెకీ తెలుసు. మేమిద్దరం ఆ పుల్లల గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

వానలు తెరిపిచ్చాక, సామలు కోతకొచ్చిన రోజుల్లో గుడిలో కృతజ్ఞత కూడిక జరిగేది. ఆ ఊళ్ళో పాత దేవతలకి కొత్త గింజలు పెట్టి తినే పండగ ఒకటి ఉంది. నాన్న దాన్ని మాన్పించకుండా గుడిలోకి తీసుకొచ్చాడు. కొత్త సామల వాసన, పచ్చి పసుపు దుంపల వాసన, అడ్డాకుల్లో పొట్లం కట్టిన పిప్పళ్ళ ఘాటు గుడినిండా ఉండేవి. ఒక్కొక్కరే లేచి ఈ ఏడు దేవుడు చేసిన మేలు చెప్పాలి. నా వంతు వచ్చేసరికి అందరూ వెనక్కి తిరిగారు. నేనేం చెప్పాలో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రం గడపలో కూర్చుని తయారు చేసుకున్నాను కూడా. మంచి ఇల్లు, మంచి మనుషులు అని మొదలుపెట్టాలి. లేచి నిలబడ్డాను. సోములమ్మ నా వైపు నవ్వుతూ చూస్తోంది. ఆ నవ్వు చూస్తూ అబద్ధం ఆడలేకపోయాను.

“ఈసారి నా దగ్గర స్తోత్రం లేదు” అన్నాను. కూర్చున్నాను.

ఆ గుడిలో అలాంటి మాట ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఎవరో చంటిపిల్ల తప్ప ఎవరూ కదలలేదు. నాన్న తప్పు శ్రుతిలో ఒక పాట ఎత్తుకున్నాడు. అందరూ దాన్ని పట్టుకుని ఎలాగో ఒడ్డున పడ్డారు.

మధ్యాహ్నం సోములమ్మ ఒక్కతే మా ఇంటికి వచ్చింది. ఈసారి కొంగులో ఏమీ లేదు. నాన్న గడపలో ఉన్నాడు, అమ్మ పొయ్యి దగ్గర ఉంది. ఆమె తిన్నగా వచ్చి నా ఎదుట నేల మీద కూర్చుంది.

“ఏటే సుగుణమ్మా, మా గుంటడు నీకు నచ్చనేదా?”

“దావీదు మంచోడే అత్తా. నాకే పెళ్ళి వద్దు. పాడేరెళ్ళి చదువుకుంటాను.”

వద్దు అన్న మాట నా నోట్లోంచి ఊడిపడింది. నేను దానివైపు చూస్తూ ఉండిపోయాను. సోములమ్మ మాత్రం అది లోకంలో మామూలు మాటే అన్నట్టు తల ఊపి, అమ్మ వైపు తిరిగింది.

“మరైతే పుల్లలెందుకు కాల్సినారు అమ్మగారూ?”

అమ్మ ఏడ్చేసింది. తమకి తెలియదనీ, పచ్చి పుల్లలు ఊదలేక చస్తున్న వేళ పొడి పుల్లలు కనబడితే ప్రాణం లేచొచ్చిందనీ, ఎవరో దయతలిచి ఇచ్చారనుకున్నామనీ చెప్పింది. చెబుతూండగానే దగ్గు తెర వచ్చింది. సోములమ్మ లేచి, పొగ చిమ్ముతున్న పొయ్యి చూసింది, అటక మీద గోనె కిందనుంచి కనబడే పుల్లల కొసలు చూసింది. గోనె లాగి ఆ మిగిలిన పుల్లలు చేతిలోకి తీసుకుంది. ఆమెకి అంతా అర్థమైందని నాకు తెలిసింది. ఇన్నాళ్ళూ ఆమె జడలు వేస్తూ ఉండగా మా అమ్మ ఆ ఇంటి పుల్లల్ని ఎలా దాచిందో కూడా అర్థమైంది. ఆమె ముఖం చిన్నబోయింది. అది నేను మరిచిపోలేను.

“వద్దనుకుంటే అలాగ ఒగ్గేయాల అమ్మా” అంది. “తెల్లారొచ్చి మేమే ఎత్తుకుపోతాం. ఎవులూ ఏటీ అనరు. అందుకే గదా మోపు వాకిట్లో పెడతాం, ఇంట్లోకి తేము.”

నాన్న గడప దగ్గర్నుంచి లేచి వచ్చాడు. తను దేవుడి ఎదుట కృతజ్ఞత చెప్పిన మాట అనీ, దాన్ని ఎలా కాదంటాననీ మొదలుపెట్టాడు. సోములమ్మ ఆయన్ని పూర్తి చెయ్యనివ్వలేదు.

“మీరు సెప్పింది పుల్లలకి అయ్యగారూ. గుంటనిత్తామని ఎప్పుడు సెప్పినారు? ఆ మాత్రం దేవుడికి తెల్దా?”

తమని చిన్నచూపు చూశామని ఊరివాళ్ళు అనుకుంటారేమో అని నాన్న గొణిగితే, ఆమె అబద్ధం చెప్పలేదు. అనుకుంటారనీ, తనకీ ఇప్పుడు కడుపులో అలాగే ఉందనీ, అది కొన్నాళ్ళు ఉంటుందనీ చెప్పింది. గుంట ఏడుస్తూ వస్తే తన ఇంట్లో మాత్రం దీపం వెలుగుతుందా అంది. ఆ పుల్లలు తనే పొయ్యిలోకి తోసి, ఒక్క ఊదు ఊదింది. మంట లేచింది. ఇంక ఇవి వట్టి పుల్లలే, దాచుకుని ఏం చేస్తారమ్మా, బేగి వండుకోండి అని అమ్మతో చెప్పి, చేతులు దులుపుకుని బయటికి నడిచింది.

వెళ్ళేవాళ్ళని ప్రార్థన చెయ్యకుండా నాన్న ఎప్పుడూ పంపలేదు. అలవాటుగా చెయ్యి పైకెత్తాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఉప్పు కల్లుకి కూడా స్తోత్రం చెప్పే మనిషి, తన జన్మలో అందుకున్న అతి పెద్ద దానం ఇచ్చినామె ఆ ఇంటి వాకిలి దాటి నడిచి పోతుంటే, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నిలబడ్డాడు. సోములమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. తరవాతి ఆదివారం వాళ్ళింటి బుర్ర గుడికి వచ్చింది. ఎప్పటిలాగే పిడికెళ్ళన్నీ గంపలో పోసి, మాతో మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మాట్లాడడానికి ఇంకో కోత కాలం పట్టింది.

ఇప్పుడు మా సంఘంలో దానధర్మాలు డిసెంబరులో బాగా జరుగుతాయి. దుప్పట్లు ఇచ్చేవాళ్ళూ పుచ్చుకునేవాళ్ళూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగుతారు. పుచ్చుకునేవాళ్ళు నవ్వాలి. వాళ్ళ నవ్వు చూస్తే ఆ స్వెట్టరు మెడ నాకు ఒరుసుకుంటుంది. కృతజ్ఞత నేను మానలేదు, మానడం నా చేతిలోనూ లేదు, అది ఎముకల్లోకి పోయింది. ఇప్పటికీ వంటకి ముందు పిడికెడు తీస్తాను. నెలాఖరుకి మా వాచ్‌మన్ భార్యకి ఇస్తాను. ఇచ్చే ముందు, కావాలా, ఈ నెల మీకు సరిపోయాయా అని అడుగుతాను. ఒక్కోసారి వద్దమ్మా అంటుంది. ఆ మాట వింటే నాకు ఎంత హాయిగా ఉంటుందో ఆమెకి తెలియదు. మా అమ్మాయికి ఇదంతా చాదస్తంగా ఉంటుంది. దానికి వద్దు అనడం పుట్టుకతోనే వచ్చింది, తీసి పక్కన పెట్టడమే రాలేదు. నాన్న ఇంకొన్నాళ్ళు ఉండి ఉంటే దానికి నేర్పేవాడు, దాన్ని అడిగి మరీ నేర్పేవాడు. నేను ఆ కొండ దిగిన రోజునుంచీ ఆయన అలాంటి మనిషయ్యాడు. ఎప్పుడయ్యాడో కూడా నాకు తెలుసు.

వాగు తీశాక నా రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నాన్న నన్ను జీపు దగ్గరికి తీసుకెళ్ళాడు. కాలేజీ మొదలై చాలా రోజులైంది, చేర్చుకుంటారో లేదో అన్న బెంగ నాది. జీపు నిండా మనుషులు, అల్లం బస్తాలు, కోళ్ళ గంపలు. పెట్టె పైన కట్టించి, నన్ను వెనకసీట్లో ఇరికించి, నాన్న కిందనే నిలబడ్డాడు. మామూలుగా అయితే డ్రైవరు కోసం, బ్రేకుల కోసం, దారి కోసం పెద్ద ప్రార్థన చేసేవాడు. జనమంతా కళ్ళు మూసుకోడానికి సిద్ధంగా కూర్చున్నారు. ఆయన ప్రార్థన చెయ్యలేదు. కడ్డీ పట్టుకుని నా ముఖంలోకి చూస్తూ, చాలా కష్టమైన పాఠం అప్పజెప్పేవాడిలా అడిగాడు.

“నీకు వెళ్ళాలనుందా సుగుణా? వద్దంటే చెప్పు, ఇంటికి పోదాం.”

“ఉంది నాన్నా” అన్నాను.

తల ఊపాడు. అయినా కడ్డీ వదల్లేదు. అప్పుడే నేర్చుకున్న మాట కదా, దాని మీద ఇంకా నమ్మకం కుదరలేదు. జీపు కదిలింది. ఆయన కూడా కదిలాడు, బురదలో చెప్పు ఊడిపోయినా చూసుకోకుండా, కడ్డీ పట్టుకుని పక్కనే నడుస్తూ, “నిజంగా చెప్పమ్మా, మొహమాటపడకు” అంటూ, మళ్ళీ అడుగుతూనే ఉన్నాడు.